వెన్న వాసన

ఆక్లాండ్ శివారు న్యూ లిన్‌లో కార్ల రిపేరు షెడ్ల వెనకాల ఒక చిన్న ఫ్యాక్టరీలో తారాబాయి వేప్‌లనే ఎలక్ట్రానిక్ సిగరెట్లలో పోసే ద్రవాలకు రుచులు కట్టేది. ఆదిలాబాద్ పిల్ల. ఫుడ్ సైన్స్ చదవడానికి ఆక్లాండ్ వచ్చి, బిస్కెట్ల కంపెనీలో ఉద్యోగం దొరక్క ఇందులో చేరింది. తను ఏనాడూ ఒక్క దమ్ము పీల్చలేదు. ముక్కు మాత్రం గట్టిది.

ఆమెకు పేరు తెచ్చింది పాలకోవా. సీసా మీద ఆ పేరుండదు, క్రీమ్ కారమెల్ అని ఉంటుంది. వెనిలిన్ తీపి వాసననిస్తుంది, మాల్టోల్ పాకం వాసననిస్తుంది. రెండూ కలిస్తే పీచుమిఠాయి అవుతుంది గానీ కోవా కాదు. కోవాకి మూకుడు అడుగున పాలు పట్టుకుని రవ్వంత మాడిన వాసన కావాలి. దానికోసం వేయించిన పల్లీల వాసనుండే పైరజీన్‌ని సూదిమొన మీద నిలిచేంత వేసింది. ఇక మిగిలింది మీగడ. మీగడకి దగ్గరిదారి డైఎసిటైల్, అచ్చం వెన్న వాసన. తింటే ఏమీ చేయదు. పీలిస్తే మాత్రం ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోతాయి, మళ్ళీ తెరుచుకోవు. అందుకే తారాబాయి దాని జోలికి పోకుండా, దానికి దగ్గరి చుట్టమైన ఎసిటోయిన్ వాడింది.

కింద మిక్సింగ్ గదిలో డ్రమ్ములు కలిపే పని ఆశీర్వాదం గారిది. చీరాల మనిషి, యాభై దాటాయి. భార్య గ్రేసమ్మ వృద్ధుల హోమ్‌లో కేర్ వర్కర్. ఆమె వీసా మీద వచ్చిన ఆయనకి ఈ పని ఇప్పించింది తారాబాయే. ఆదివారం ప్రార్థనలో పాట ఎత్తుకునేది ఆయనే. ఆ ఏడు చలికాలంలో పాట మధ్యలో ఊపిరి అందక కూర్చుండిపోవడం మొదలైంది. డాక్టర్ ఆస్తమా అని నోట్లోకి పీల్చే పఫ్ ఇచ్చాడు. ఫలితం లేదు.

ఒక సోమవారం ఆయన డ్రమ్ము మూత తీస్తూ దగ్గుతెర వచ్చి గోడకి జారగిలబడ్డాడు. చప్పుడు విని తారాబాయి కిందికి పరిగెత్తింది. గుమ్మంలోనే ఆగిపోయింది. గదినిండా వెన్న కాస్తున్నట్టు వాసన. తను కట్టిన కోవాలో ఆ వాసన లేదు.

"అంకుల్, ఈ డ్రమ్ములకు హీటర్ బెల్టులు ఎవరు కట్టిన్రు? ఫ్యాన్ ఎందుకు బంద్ ఉన్నది?"

"చలికి సరుకు చిక్కబడి దిగట్లేదని ఓనరు గ్రాహం కట్టించాడమ్మా. ఫ్యాన్ వేస్తే వేడంతా పోతుందన్నాడు."

"ఎప్పటి సంది?"

"పోయిన చలికాలం నుంచీ. ఏం, ఏమైందమ్మా?"

ఎసిటోయిన్ చల్లగా, గాలి తగలకుండా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. నికోటిన్‌తో కలిసి, వెచ్చగా, సగం ఖాళీ అయిన డ్రమ్ములో వారాల తరబడి నిలవుంటే మెల్లగా డైఎసిటైల్‌గా మారిపోతుంది. ఇది ఆమె చదువుకున్న సంగతే. అయినా తాజాగా కలిపిన సీసానే టెస్టుకి పంపింది తప్ప, నిలవున్న డ్రమ్ము నుంచి తీసి పంపాలని తోచలేదు. ఆ రోజు పంపింది. ఆమె ముక్కు చెప్పిందే ల్యాబూ చెప్పింది.

గ్రాహం రిపోర్టు చూశాడు. బెల్టులు విప్పిస్తాను, ఫ్యాన్ వేయిస్తాను, ఆశీర్వాదాన్ని ప్యాకింగ్‌కి మారుస్తాను, సంగతి మాత్రం బయటికి పోనీకు అన్నాడు. సరుకు వెనక్కి పిలుద్దామంటే, "ఫార్ములా నీదే కదా, తారా" అన్నాడు నెమ్మదిగా.

ఆమె బయటికి చెప్పేసేదే. ఆమె నోట సంగతంతా విన్న ఆశీర్వాదం గారే అడ్డుపడ్డాడు. సాయంత్రం కారులో ఇంటి దగ్గర దింపుతుంటే డోరు తీయకుండా కూర్చున్నాడు.

"ఇక్కడే ఉండిపోయే రెసిడెన్సీకి మెడికల్ పరీక్ష ముందుందమ్మా మాకు. నా ఊపిరి పాడైందని రాతకోతల్లోకి ఎక్కిందంటే ఇద్దర్నీ పంపించేస్తారు. ఎక్స్‌రేలో ఇది కనపడదన్నావుగా?"

"చాలామందికి కనపడదంట అంకుల్. కానీ..."

"ఇంకేం. ఆస్తమా అనుకోనీ. స్టాంపు పడేదాకా ఆగు. నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను."

నిజంగానే రెండు చేతులూ జోడించాడు. తండ్రి వయసు మనిషి. ఆమె ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. సరేనంది.

కొన్నాళ్ళు అలాగే గడిచాయి. ఆయన ప్యాకింగ్‌లో కూర్చుని సీసాలకు లేబుళ్ళు అంటించేవాడు. మిక్సింగ్ గదిలోకి కొత్తగా చదువు ముగించిన నవీన వచ్చింది. నవ్వుమొహం పిల్ల, చెవుల్లో ఎప్పుడూ పాటలే. మళ్ళీ చలి పెరిగి ఆర్డర్లు పడగానే ఒక పొద్దున తారాబాయి మెట్లమీదే వెన్న వాసన పట్టింది. దిగి చూస్తే బెల్టులు మళ్ళీ డ్రమ్ముల నడుముకి బిగించి ఉన్నాయి. నవీన మూతి మీద చెయ్యి పెట్టుకుని దగ్గుతోంది.

"జలుబక్కా. తగ్గట్లేదు" అంది.

తారాబాయి ఆ పిల్లని చెయ్యిపట్టి బయటికి లాక్కొచ్చింది. పార్కింగ్‌లో నిలబడే పని భద్రత చూసే ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ చేసింది. వివరాలన్నీ చెప్పింది. చెబుతూ ప్యాకింగ్ గది కిటికీ వైపు చూడలేకపోయింది.

ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. ఫ్యాక్టరీ మూతపడింది, దుకాణాల నుంచి సీసాలు వెనక్కి వచ్చాయి, కేసు నడుస్తోంది. తారాబాయి ఉద్యోగం పోయింది. పనిచేసిన వాళ్ళందరికీ ఊపిరి పరీక్షలు చేశారు. నవీనకి ఏమీ లేదన్నారు. ఆశీర్వాదం గారికి సగం కూడా మిగల్లేదన్నారు, అది తిరిగి రాదన్నారు. ఆ కాగితాలు మెడికల్‌తో పాటు వెళ్ళక తప్పలేదు. రెసిడెన్సీ రాలేదు.

వాళ్ళు ప్రయాణమయ్యే ముందురోజు ఆయనే కబురుపెట్టాడు. ఫ్లాట్ రెండో అంతస్తులో. తలుపు తీసిన గ్రేసమ్మ పక్కకి జరగలేదు.

"ఆ పిల్లకి తల్లిదండ్రులున్నారని ఫోన్ చేశావు. మరి మాకెవరున్నారే? ఇంకొక్క నెల ఆగితే ఏం పోయేది?"

"నెల రోజులల్ల ఆ పిల్ల ఊపిరి పోతుండె ఆంటీ."

"మాది పోలేదా?"

లోపల్నుంచి "రానీవే" అన్నాడాయన. సోఫాలో వెనక్కి వాలి ఉన్నాడు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. చుట్టూ కట్టిన సూట్‌కేసులు. ఆమెను పక్కన కూర్చోమని సైగ చేసి, రెండు మాటలకొకసారి ఆగుతూ మాట్లాడాడు.

"నువ్వు చేసింది తప్పని అననమ్మా. ఒప్పని అనడానికి మాత్రం నోరు రావట్లేదు. కోపం పెట్టుకుని విమానం ఎక్కకూడదని పిలిచాను. పోలేదు. ఇంకా ఉంది."

"ఉండనియ్యండి అంకుల్" అంది తారాబాయి. ఏడవకూడదనుకుంది, ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు, కసురుకోనూ లేదు. గ్రేసమ్మ వంటగదిలో గిన్నెలు సర్దుతూ ఇటు తిరగలేదు.

లేచి బయటికొచ్చాక తలుపు మూసుకుంది. సగం మెట్లు దిగేసరికి పైన దగ్గు అందుకుంది. తారాబాయి రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. అది ఆగడానికి చాలాసేపు పట్టింది.