ప్రెసిడెంటుగారి పగటిపూట

మా ఆయన కృపాదానం బుర్రకథలో హాస్యం చెబుతాడు. పగలు బిట్రగుంట రైల్వే కాలనీలో కుట్టుమిషను, రాత్రి కథలో గుమ్మెట వాయింపు. పెళ్లయిన నెలకే నాకు సముద్రం ఒడ్డున పట్టపుపాలెం బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. ఆయన మిషను వదిలి రాలేడు, నేను బడి వదిలి పోలేను. ఆదివారం ఆదివారం చుట్టాల్లా కలుసుకునేవాళ్లం. దాన్ని కాపురమంటారా?

టీచర్ల బదిలీలు కొత్తగా వచ్చిన పంచాయతీ సమితి చేతిలో ఉన్నాయి. బిట్రగుంటకు మార్చమని సమితి ప్రెసిడెంటు పద్మనాభయ్యగారికి అర్జీ పెట్టుకున్నాను. ఏడాది తిరిగాను. ఎప్పుడు వెళ్లినా గుమ్మంలో మనిషి "అయ్యకు తీరిక లేదు" అనేవాడు. మా ఆయన ఊరుకోవచ్చు కదా! ఆ తీరిక లేకపోవడమేమిటో ఊరూరా కథ మధ్యలో నటించి చూపించడం మొదలుపెట్టాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారట. నాకు మాత్రం ఒళ్లు మండేది.

"ఆయన కోపమొచ్చి నన్ను ఉదయగిరి కొండల్లోకి తోసేస్తే ఏం చేస్తావు?" అన్నాను.

"ఇంక చెప్పన్లే జయశీలా, ఒట్టు" అన్నాడు.

మా పాలెంలో బడికి కొత్త కొట్టం వేశారు. ఆ రాత్రికి మా ఆయన వాళ్ల బుర్రకథ పెట్టించారు. ప్రారంభించడానికి సాయంత్రం రావలసిన ప్రెసిడెంటుగారు బుర్రకథ సగమయ్యాక దిగారు. ముందు వరసలో కుర్చీ వేశారు. మా ఆయన ఒట్టు గుర్తుంచుకుని రాజుగారి కథ మీదే ఉన్నాడు. జనం ఊరుకుంటేనా!

"ప్రెసిడెంటు ముచ్చట చెప్పన్నా!" అని చేపలమ్మే మస్తానమ్మ అరిచింది.

"ఏందది?" అన్నారు పద్మనాభయ్యగారు.

"మీ ముచ్చటే సామీ."

"నాదా? చెప్పమను, ఇందాం."

మా ఆయన నావైపు చూశాడు, జనంవైపు చూశాడు, జనమే గెలిచారు. గుమ్మెట దించి వేపపుల్ల నములుతున్నట్టు కూర్చున్నాడు. పొద్దెక్కేదాకా ఆ పుల్లే. ఎవరొచ్చినా "చూద్దాం సామీ" అని ఉమ్మడం. తర్వాత స్నానం, భోజనం, తువ్వాలు ముఖాన కప్పుకుని గుర్రు. లేచేసరికి మెయిలు వేళ. పరుగున స్టేషనుకు పోయి, రైలుకు చెయ్యూపి వచ్చి, "అబ్బ, ఈ పూటకి పని తెమిలింది" అని మళ్లీ నడుం వాల్చడం. పెట్రోమాక్సు దీపం కూడా ఊగిపోయినంత నవ్వు నవ్వారు జనం.

పద్మనాభయ్యగారు మాత్రం లేచి నిలబడ్డారు.

"అంతా అబద్ధం! నేను వేపపుల్ల ముట్టుకోను, పళ్లపొడి వాడతా. పట్టపగలు పడుకోను. రైలుతో నాకేం పనయ్యా?"

"మరి పగలంతా ఏం చేస్తా ఉంటారు సామీ?" అంది మస్తానమ్మ.

"కాయితాలు చూడద్దా? సంతకాలు పెట్టద్దా? ఒక్క కాయితం ముందుకొస్తే ఆపే మనిషిని కాదు నేను!"

నేను లేచాను. బళ్లో దాచుకున్న అర్జీ నకలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఇదొకటుందయ్యా. ఏడాదిగా తమ ముందుకు రాలేదు."

ఆయన నన్ను చూశారు, జనాన్ని చూశారు, జేబులోంచి కలం తీశారు. కాయితం ఆనించుకోవడానికి మా ఆయనే గుమ్మెట అందించాడు. దాని మీదే సంతకం పడింది. ఆ రాత్రి నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

వారం తిరక్కుండా పెట్టె సర్దుకుని బిట్రగుంట వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే వరండాలో గార్డు కామాక్షయ్యగారు కూర్చుని ఉన్నారు, కూతురి పెళ్లికి చొక్కా కావాలట. మా ఆయన మెట్టు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు.

"చూద్దాం సామీ" అని ఉమ్మాడు.

ఆ తర్వాత స్నానం చేశాడు, అన్నం తిన్నాడు, తువ్వాలు కప్పుకున్నాడు. సాయంత్రం మెయిలు కూత వినబడగానే చెప్పులేసుకుని స్టేషనుకు పరుగెత్తాడు. పద్మనాభయ్యగారి గడప ఈ మనిషి ఏనాడూ తొక్కలేదని అప్పుడు నాకు అర్థమైంది.

కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. ఏడాది కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్న కాపురం మరి. కామాక్షయ్యగారి చొక్కాకు కాజాలు నేనే కుట్టాను.