తప్పుకుపోయే గుండు

పొద్దున టీ తాగగానే తమ్ముడు వెళ్ళి రేకు ముందు నిలబడతాడు. అక్క కొత్తగా బిగించిన గాలితుపాకి గొట్టాన్ని వంచి, గుండు పెట్టి, మూసి, అతని గుండెకి గురిపెట్టి కాలుస్తుంది. గుండు చొక్కా దాకా వచ్చి, పక్కకి తిరిగి, వెనకాల రేకుకి టంగుమని తగులుతుంది.

"బాగుంది," అంటాడు తమ్ముడు ఆవులిస్తూ.

తాత నాటినుంచీ వాళ్ళ గాలితుపాకుల కార్ఖానాలో తుపాకి పరీక్ష ఇదే. వాళ్ళ తుపాకి అట్ట, చెక్క, రేకు, బుడగ, దేన్నయినా కొడుతుంది. ప్రాణమున్నదాన్ని మాత్రం తాకదు. ఒకప్పుడు దానికే గిరాకీ ఉండేది. పిల్లల చేతికి నిశ్చింతగా ఇవ్వొచ్చని తండ్రులు ఎగబడి కొనేవాళ్ళు. పెద్ద ఫ్యాక్టరీల సరుకు దిగాక, పిట్టని కూడా కొట్టలేని తుపాకి ఎవరిక్కావాలి? మొన్న ఒకాయన వచ్చి నిలదీశాడు కూడా.

"పావురాలు ఇల్లంతా పాడుచేస్తున్నాయమ్మా. మీ తుపాకి వాటి ఈక కూడా కదపలేదు."

"మా తుపాకికి బుద్ధుందండీ. బుద్ధిలేనిది కావాలంటే పక్కవీధిలో దొరుకుతుంది," అంది అక్క.

ఇలా మాట్లాడితే బేరం నిలుస్తుందా? పనివాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. తోలు వాషర్లు కోసి నూనెలో నానబెట్టడం దగ్గర్నుంచి స్ప్రింగు ఎక్కించడం దాకా అన్నీ ఇద్దరే చూసుకోవాలి. తమ్ముడు విసిగి, అక్కకి చెప్పకుండా ఒకరోజు కార్ఖానా కొనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

వచ్చినవాడు మర్యాదస్తుడే. అంతా తిరిగి చూసి, గోడ మీద వేలితో కొట్టి, "ఇది కూల్చి గోదాము కట్టుకుంటామండీ. మీ ఇద్దరి సంతకాలు చాలు," అన్నాడు.

"నేను పెట్టను," అంది అక్క.

"ఎందుకక్కా ఈ పంతం?"

"నాకొచ్చిన పని ఇదొక్కటేరా. ఎవరి కోసమో దాన్ని చెడగొట్టను, ఎవరికో జడిసి మానను. కూల్చాలంటే ముందు నన్ను దాటుకెళ్ళమను."

తమ్ముడికి ఏడుపొచ్చినంత పనయింది. అతనికి కార్ఖానా మీద కోపం లేదు. బొబ్బలెక్కిన అక్క చేతుల్ని రోజూ చూడలేకపోతున్నాడు, అంతే. బల్ల మీది తుపాకి అందుకున్నాడు.

"ఈ కార్ఖానా ఎప్పుడో చచ్చిపోయిందక్కా! శవానికి చాకిరీ చేస్తున్నాం మనం. గోడలోకి గుండు ఎలా దిగుతుందో నీ కళ్ళతోనే చూడు!"

ఇటుక గోడకి దగ్గరగా పట్టుకుని కాల్చాడు.

గుండు గోడ దాకా వెళ్ళింది. అక్కడ పక్కకి తిరిగి, గోడ వెంబడే సాగి, కిటికీలోంచి బయటపడి, వీధిలో ఆగిన కారు అద్దానికి తగిలింది. కారు కొనేవాడిదే.

కొనేవాడు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అద్దం ఊసే ఎత్తలేదు.

"క్షమించండమ్మా," అన్నాడు బయల్దేరుతూ. "ఊపిరితో ఉందని మాకెవరూ చెప్పలేదు."

కారు చప్పుడు వీధి మలుపు తిరిగిపోయింది. తమ్ముడు తుపాకి కింద పెట్టి, పసిపిల్లాణ్ణి కొట్టబోయి ఆగినవాడిలా, గోడని అరచేత్తో నిమిరాడు. కళ్ళు తుడుచుకుని అక్కవైపు తిరిగాడు.

"ఇంకెవడైనా కూలుస్తానని వస్తే మనం వాదించొద్దక్కా. తుపాకి వాడి చేతికే ఇచ్చి కాల్చమందాం."