యజమాని అనుమతి

"నస్రత్, ఓటీపీ వచ్చిందా? గట్టిగా చదువు."

ముందు గదిలోంచి ముబీన్ కేకేసేసరికి నస్రత్ దొండకాయలు చక్రాలుగా తరుగుతోంది. సత్తెనపల్లిలోని వాళ్ల మిర్చి కొట్టు ఆమె పేరు మీదే ఉంది. ఆడవాళ్ల పేరున పెడితే రాయితీ వస్తుందని ఎవరో చెబితే, తొమ్మిదేళ్ల కిందట ముబీన్ భార్య చేత నాలుగు సంతకాలు పెట్టించాడు. పేరు ఆమెది కాబట్టి ఫోన్ నంబరూ ఆమెదే ఇవ్వవలసి వచ్చింది. నంబరు ఆమెది కాబట్టి ప్రతి అనుమతికీ ఆరంకెలు ఆమె ఫోన్‌కే వచ్చేవి. పొయ్యి దగ్గర నుంచో, స్నానాల గది తలుపు వెనక నుంచో వాటిని చదివి వినిపించడమే ఆమె యజమానితనం. అంకెలకు పైన ఏం రాసి ఉందో చదవమని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చదవలేదు.

ఈసారి చదివింది. తను పెట్టిన పేరొకటి అందులో కనిపించింది. 'కాయ ఫొటోలు, జవాబులు' అనే ఫోల్డర్‌ను చదవడానికి, మార్చడానికి, తుడిచివేయడానికి 'ముబీన్ భాయ్'కి యజమానిగా మీరు అనుమతి ఇస్తున్నారా అని ఉంది.

ముబీన్ భాయ్ మనిషి కాదు, ముబీన్ తన పేరే పెట్టుకున్న, రైతుల ప్రశ్నలకు జవాబు చెప్పబోయే ఏఐ. కొట్టు సమాచారమంతా దాచి ఉన్న క్లౌడ్‌కు దాన్ని కలపడానికి గుంటూరు నుంచి షారోన్ అనే అమ్మాయి వచ్చి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. కలపకపోతే అది వట్టి మాటకారి. కలిపితే తొమ్మిదేళ్ల అనుభవం దాని సొంతం.

ఆ అనుభవం ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఆ గదిలో ఎవరికీ రాలేదు. కల్లంలో పోసిన కాయ ఆరిందో లేదో చెప్పమని రైతులు ముబీన్‌కు ఫొటోలు పంపేవారు. మొదట్లో అతను పైపైన చూసి సరేనన్నందువల్ల ఒకరి సరుకంతా కోల్డ్ స్టోరేజీలో బూజు పట్టింది. అప్పుడా పని నస్రత్ చేతికి వచ్చింది. పైరంగు మోసం చేస్తుందని, కాయను నిలువునా చీల్చి లోపలి ఫొటో పంపమనే పద్ధతి పెట్టింది ఆమే. అన్నం వార్చే ముందొకటి, అత్తకు మందులిచ్చాక ఒకటి, ముబీన్ పేరుతోనే జవాబులు రాసేది. మిర్చి యార్డులో రైతులు "ముబీన్ గారి కన్నే కన్ను" అనేవారు. అతను కాదనేవాడు కాదు. "ఇంట్లో కూచుని ఫోన్ చూసుకోవడం కూడా ఒక పనేనా తల్లీ" అని అత్త అనేది. పని కాదు కాబట్టి అలసట లేదు, అలసట లేదు కాబట్టి సెలవు లేదు. ఈ తర్కం ఎక్కడ తప్పిందో నస్రత్‌కు తెలుసు. ఎత్తి చూపే సందర్భమే ఇన్నాళ్లూ దొరకలేదు.

చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది.

"షారోన్, దీనికి తుడిచేసే అధికారం ఎందుకమ్మా?"

"సార్ అన్నీ ఇచ్చెయ్యమన్నారు మేడం. చదివే పర్మిషన్ ఒక్కటిచ్చినా సరిపోద్ది."

"అబ్బా, ఇదేమన్నా పొలం రిజిస్ట్రేషనా? నంబర్ చెప్పు, టైమైపోద్ది" అన్నాడు ముబీన్.

"అయిపోనీయండి. మళ్లీ వచ్చిద్ది."

"యజమాని ఎట్టా అంటే అట్టా పెడతాను మేడం" అంది షారోన్.

ముబీన్ నవ్వాడు. "యజమానంట! రాయితీ కోసం రాయించిన పేరమ్మా అది."

"ఆ సంగతి సిస్టంకి తెలవదు కదండీ సార్."

నస్రత్ కుర్చీ లాక్కుని కూర్చుంది. చదవడం వరకే దానికి అనుమతి. జవాబు తయారుచేసి తనకు చూపాలి, తను ఒప్పుకున్నాకే రైతుకు వెళ్లాలి. అదీ పది నుంచి అయిదు వరకే. కింద తన పేరు ఉండాలి. కూరలో ఉప్పెంతో చెప్పినంత మామూలుగా చెప్పింది. కొత్తగా వచ్చిన ఆరంకెలను పైకి చదవకుండా తనే నొక్కింది.

మొదటి ప్రశ్న అద్దంకి వైపు నుంచి వచ్చింది. అంకమ్మరావు అనే పాత రైతు చీల్చిన కాయ ఫొటో పంపి, టిక్కీ బస్తాల్లోకి తొక్కించవచ్చా అని అడిగాడు. తొక్కించవచ్చని ఏఐ రాసి నస్రత్ ముందుంచింది. ఆమె ఫొటోను పెద్దది చేసి చూసింది. గింజల మొదట్లో ఇంకా తడి మెరుపు ఉంది. 'ఇంకో రెండెండలు పెట్టండి' అని మార్చి, కింద తన పేరుతో పంపింది.

నిమిషంలో బదులొచ్చింది. "నస్రత్ అంటే ఎవరండీ? ఒకసారి ముబీన్ గారిని అడగండి."

ముబీన్ కుర్చీ వెనక నిలబడి చదివాడు. "చూశావా? ఆడోళ్ల మాట మీద ఎవడన్నా సరుకు కడతాడా? మా ఇంటావిడ అని రాయి, పోద్ది."

ఇంటావిడ అన్న మాటలో అబద్ధం లేదు. ఇన్నేళ్లూ అది చెల్లింది అందుకే. నస్రత్ రెండు మాటలు రాసి చెరిపింది. మళ్లీ నిదానంగా రాసి పంపింది.

"అంకమ్మరావు గారూ, తొమ్మిదేళ్లుగా మీకు జవాబులు రాస్తున్నది నేనే. మీరు ఆయన్ని అడిగినా, ఆయన నన్నే అడుగుతారు."