ఆరని గుమ్మడికాయలు

మార్లో ఫోర్క్ అనే ఊళ్ళో హాలోవీన్ పండుగ నాడు సాయంత్రం ఆరింటికి ఫైర్ స్టేషన్ సైరన్ మోగుతుంది. పిల్లలు వేషాలు కట్టుకుని, సంచులు పట్టుకుని వీధుల్లో పడతారు. ఇంటింటి ముందూ "ట్రిక్ ఆర్ ట్రీట్" అని, అంటే పెట్టకపోతే అల్లరి చేస్తామని అరిచి, చాక్లెట్లు అడుగుతారు. ఎనిమిదింటికి మళ్ళీ మోగుతుంది. ఇళ్ళకు పోతారు. ఆ రెండు గంటలూ ఎల్డన్ పిట్జర్, శవాలను అంత్యక్రియలకు సిద్ధం చేసే తన ఫ్యూనరల్ హోమ్ వసారాలో, ఒళ్ళో గాజు గిన్నె పెట్టుకుని కూర్చుంటాడు. గిన్నె నిండా చాక్లెట్లు, ఊళ్ళో ఎవరూ పంచనంత పెద్దవి. ఆ మెట్లెక్కి ఒక్క పిల్లా రాదు. శవాలుండే ఇంటి తలుపు తట్టే ధైర్యం ఎంతటి దెయ్యం వేషానికీ ఉండదు. మర్నాడు ఎల్డన్ ఆ గిన్నె తీసుకెళ్ళి ఊరి కౌన్సిల్ సమావేశంలో బల్ల మీద పెడతాడు. మిగతా సభ్యులు తింటూ రోడ్ల గుంతల గురించి మాట్లాడతారు.

ఊళ్ళో మిగతా ఇళ్ళన్నిటి ముందూ ముఖం చెక్కిన గుమ్మడికాయ, అందులో దీపం ఉంటాయి. ఆ దీపాన్ని ఎవరూ ఆర్పరు. రావలసిన వాళ్ళంతా వచ్చి వెళ్ళాక అదే ఆరిపోతుంది. ఒక ఏడు కొవాక్ వాళ్ళ చిన్నపిల్లకు అమ్మవారు పోస్తే, ఆ వీధి దీపాలన్నీ ఆ పిల్ల లేచి తిరిగేదాకా, తొమ్మిది రోజులు వెలిగాయి. ఆ పిల్ల వచ్చి చాక్లెట్ తీసుకుని వెళ్ళిందో లేదో, దీపం ఆరింది. ఇంటివాళ్ళు లోపలికెళ్ళి పడుకున్నారు.

ఈ ఏడు సెప్టెంబరులో ఎల్డన్ ఒక చట్టం తెచ్చాడు. పన్నెండేళ్ళు దాటినవాళ్ళు హాలోవీన్ నాడు ఇంటింటికీ వెళ్ళి అడగకూడదు. అడిగితే మూడు శనివారాలు టౌన్ హాలు ముందు ఆకులు ఊడవాలి.

"మీసాలొచ్చినవాళ్ళు కారేసుకుని వచ్చి చాక్లెట్ అడుగుతున్నారు. పోయినసారి ఒకడు చంకలో తన బిడ్డనెత్తుకుని, బిడ్డకొకటి నాకొకటి అన్నాడట. దేనికైనా ఒక వయసుండాలి," అన్నాడు ఎల్డన్.

"దానివల్ల మనకు పోయేదేముందయ్యా?" అంది మేయర్ డార్లీన్ ముల్లిన్స్. ఆమె, ఎల్డన్ ఒకే బళ్ళో చదువుకున్నారు. ఆమెకు హెయిర్ సెలూన్ ఉంది. భర్త పోయి నాలుగేళ్ళయింది. ఆయన్ని ఆఖరిసారి ముస్తాబు చేసింది ఎల్డనే. "పిల్లాడు పదిహేనేళ్ళకు చాక్లెట్ అడుగుతుంటే సంతోషించాలి. వేరే ఏమేం అడగొచ్చో ఆలోచించు."

ఓట్లు మూడు, రెండు. చట్టం నెగ్గింది.

ఆ హాలోవీన్ సాయంత్రం చట్టానికి మొదట చిక్కింది పదిహేనేళ్ళ బ్రిన్ కొవాక్. చెల్లెల్ని తిప్పుతోంది. ఎవరో ముసలావిడ చెల్లెలితో పాటు అక్క చేతిలోనూ ఒక చాక్లెట్ పెట్టింది. బ్రిన్ థాంక్స్ చెప్పింది. ఎదురు వసారాలోంచి ఎల్డన్ చూశాడు.

"నేను అడగలేదు పిట్జర్ గారూ, ఆవిడే ఇచ్చింది!"

"తీసుకున్నావుగా."

"తీసుకోకపోతే ఆవిడ బాధపడుతుంది!"

"చట్టంలో బాధల గురించి ఏం లేదమ్మాయ్."

ఎనిమిదింటికి సైరన్ మోగింది. పిల్లలంతా ఇళ్ళకు పోయారు. దీపాలు మాత్రం ఆరలేదు.

మర్నాడూ ఆరలేదు. వారం గడిచినా ఆరలేదు. తల్లులు ఊళ్ళోని పిల్లల్ని ఒకసారి వరసగా నిలబెట్టి చూశారు. అందరూ వచ్చినవాళ్ళే. నవంబరు సగమయ్యేసరికి గుమ్మడికాయలు మెత్తబడి, పళ్ళసెట్టు తీసేసిన తాతల్లా నోళ్ళు లోపలికి పోయి కూర్చున్నాయి. లోపల దీపం నిక్షేపంగా ఉంది. కంపు భరించలేక ఒకాయన తన కాయను పెరట్లో ఎరువు గుంటలో పారేశాడు. తెల్లారేసరికి గుంట మొత్తం వెలుగుతోంది. ఫైర్ చీఫ్ గస్ ఇంకో ఇంటి మెట్టు మీది కాయను గొట్టంతో నీళ్ళు పెట్టి కొట్టాడు. కాయ కొట్టుకుపోయింది. దీపం మెట్టుమీదే ఉండిపోయింది.

"క్రిస్మస్ అలంకరణ ఎక్కడ పెట్టుకోమంటావ్, ఎల్డన్?" అంది డార్లీన్ కౌన్సిల్లో. "గొర్రెల కాపరుల బొమ్మల పక్కన ఈ కుళ్ళిన కాయలా?"

రావలసినవాళ్ళు ఇంకా ఉన్నారన్నది ఎవరికైనా తెలిసిపోతూనే ఉంది. ఎవరన్నదే ప్రశ్న. చట్టం వల్ల ఆగిపోయిన పెద్ద పిల్లలేమోనని, కౌన్సిల్ ఒక్క సాయంత్రానికి చట్టం పక్కన పెట్టి, హైస్కూలు పిల్లల్ని బతిమాలింది. పిల్లలు బెట్టు చేశారు. ఫుట్‌బాల్ జట్టు కుర్రాళ్ళు, ఇంటికి రెండిస్తే గానీ రామన్నారు. చివరికి వచ్చారు, తీసుకున్నారు, పోయారు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అదే రాత్రి పెద్దవాళ్ళు కూడా సిగ్గుపడుతూ బయలుదేరారు. పళ్ళ డాక్టరు వెళ్ళాడు. పాస్టరు వెళ్ళాడు. గస్ రెండుసార్లు వెళ్ళాడు, దీపం కోసమే అన్నాడు. ఒక్క దీపమూ ఆరలేదు.

ఎల్డన్ వెళ్ళలేదు. పెద్దవాళ్ళు ఎందుకు అడగకూడదో చెప్పిన మనిషి, ఊరందరి ముందు సంచి పట్టుకుని నిలబడితే ఇంకేముంది? ఇప్పటికే తనను చూడగానే జనం గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇక నవ్వు కూడా మొదలవుతుంది. జనం చూసి భయపడే మనిషిగా ఉండటం అతనికి అలవాటే. జనం చూసి నవ్వుకునే మనిషిగా ఎలా ఉండాలో తెలీదు.

మూడో శనివారం బ్రిన్ టౌన్ హాలు ముందు ఆకులు ఊడుస్తోంది. ఎల్డన్ పర్యవేక్షిస్తున్నాడు.

"పిట్జర్ గారూ, మీరు చిన్నప్పుడు ఏ వేషం వేసేవారు?"

"ఆ మూల ఆకులు మిగిలాయి."

"మా తాత బందిపోటు వేషం వేసేవాడట. మీరు?"

ఎల్డన్ ఆ మూలకేసి చూశాడు. "వెయ్యలేదు. పొద్దున చావు చూసినవాళ్ళం సాయంత్రం దాంతో ఆటలాడకూడదు అనేవాడు నాన్న. అప్పట్లో ఫ్యూనరల్ హోమ్ ఆయనదే. అమ్మ ఒకసారి కుట్టింది. తేనెటీగ. నాన్న బీరువాలో పెట్టి తాళం వేశాడు."

బ్రిన్ చీపురు ఆపింది. "ఒక్క ఏడు కూడా వెళ్ళలేదా?"

"లేదు."

"అయితే ఆ రావలసింది మీరే!"

"నాకు అరవై ఒకటి. ఇన్నేళ్ళూ మామూలుగా ఆరిపోయేవి కదా? అరవై సార్లు ఆరినవి ఇప్పుడే ఎందుకు ఆరవు? లెక్క కుదరదు."

"ఇన్నేళ్ళూ వచ్చే ఏడు వస్తాడులే అనుకునుంటాయి," అంది బ్రిన్. "ఇప్పుడు ఇంకెప్పుడూ రాకూడదని మీరే చట్టం చేశారుగా."

 ఆ మూల ఆకులు ఎల్డనే వంగి ఏరాడు.

థాంక్స్ గివింగ్ పండుగ ముందు రోజు, మంచు పడుతుండగా, అతను ఫ్యూనరల్ హోమ్ వెనక గది తలుపు తీసి బ్రిన్‌ని లోపలికి రమ్మన్నాడు. దుప్పటి కప్పుకుంటే దెయ్యం వేషం అయిపోతుందని బ్రిన్ అంది.

"దెయ్యం వద్దు. మా వ్యాపారానికి బాగుండదు."

అందుకని అతని నల్ల కోటుకే, గస్ ఇచ్చిన ఫైర్ స్టేషన్ పసుపు టేపు చుట్టూ చారలు చారలుగా అంటించారు. రెక్కలకు శవపేటికల లోపల వేసే తెల్ల సాటిన్ గుడ్డ కత్తిరించారు. ఆరడుగుల ముసలి తేనెటీగ అద్దంలో తనను తాను చూసుకుంది.

"రెక్కలు బాగా వచ్చాయి," అన్నాడు ఎల్డన్. "మంచి గుడ్డది. ఇరవై ఏళ్ళు పాడవదు."

ఇళ్ళు నూట ఎనభై. సైరన్‌కీ సైరన్‌కీ మధ్య రెండు గంటలు. ఇంటికి నలభై సెకన్లు. అతని మోకాళ్ళకు అయ్యే పని కాదు. అందుకని శవాల బండి తీశారు. గస్ నడిపాడు. బ్రిన్, ఆమె చెల్లెలు వెనక కూర్చున్నారు. గస్ ముందే వెళ్ళి సైరన్ మోగించి వచ్చాడు.

మొదటి ఇల్లు డార్లీన్‌ది. సైరన్ విని, ఇప్పుడేమిటా అని ఆమె తలుపు తీసింది. వసారా ముందు శవాల బండి కనపడగానే "ఎవరు పోయారు?" అంది గుండె పట్టుకుని. బండిలోంచి తేనెటీగ దిగింది.

మెట్లెక్కి ఎల్డన్ సంచి తెరిచి పట్టుకున్నాడంతే. ఏమనాలో తెలుసు. ఊళ్ళో ప్రతి పిల్లా అరవగా విన్నవాడే. చుట్టుపక్కల తలుపులు తెరుచుకుంటున్నాయి. జనం వసారాల్లోకి వస్తున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు.

డార్లీన్ నవ్వలేదు. గుమ్మానికి చేరగిలబడి, చేతులు కట్టుకుంది.

"అనాలి మరి. ఊరికే ఎవరిస్తారు?"

"ట్రిక్ ఆర్ ట్రీట్," అన్నాడు ఎల్డన్. ఏడేళ్ళ పిల్లాడి గొంతులా వినపడింది.

"ఏం వేషమయ్యా ఇది?"

"తేనెటీగ."

"నేనూ అదే అనుకున్నా." లోపలికెళ్ళి వెతికింది. చాక్లెట్లు ఎప్పుడో అయిపోయాయి. మర్నాటి పండుగ విందుకు గుమ్మడికాయతో చేసిన తీపి రొట్టె ఉంది. ఒక ముక్క కోసి, కాగితంలో చుట్టి అతని సంచిలో వేసింది. ఆమె మెట్టు మీద దీపం ఆరిపోయింది.

పక్కింట్లో చప్పట్లు మొదలయ్యాయి. ఎల్డన్ తల తిప్పి చూశాడు. జనం నవ్వుతున్నారు. అందులో భయపడాల్సిందేమీ కనపడలేదు. తరువాతి ఇంటికి కాస్త వేగంగానే నడిచాడు.

ఇళ్ళల్లో ఏదుంటే అది ఇచ్చారు. ఉడికించిన చిలగడదుంపలు, బ్రెడ్డు, ఒక చోట టర్కీ కోడి కాలు. పళ్ళ డాక్టరు టూత్‌బ్రష్ ఇచ్చాడు. బండి వెనకాల వీధి ఇంటింటికీ చీకటైపోతూ వచ్చింది. గడియారంలో ఎనిమిదైంది. సైరన్ మోగించాల్సినవాడే బండి నడుపుతున్నాడు కాబట్టి, ఆఖరి ఇంటి దీపం ఆరేదాకా ఊళ్ళో ఎనిమిది కాలేదు.

"పన్నెండు దాటినవాడివి," అన్నాడు గస్ బండి ఆపుతూ. "చట్టం చట్టమే కదా, ఎల్డన్?"

"చట్టమే," అన్నాడు ఎల్డన్, కోడి కాలు కొరుకుతూ. మూడు శనివారాలు మంచు తవ్వి మరీ ఆకులు ఊడ్చాడు. నాలుగో వారం కౌన్సిల్లో చట్టం ఎత్తేయాలని తనే ప్రతిపాదించాడు. ఓట్లు ఐదు, సున్నా.

మరుసటి హాలోవీన్‌కు ఫ్యూనరల్ హోమ్ ముందు మొదటిసారి గుమ్మడికాయ పెట్టారు. ముఖం బ్రిన్ చెక్కింది. తేనెటీగ ఇల్లని పిల్లలంతా ముందు అక్కడికే పరుగెత్తారు. ఏడింటికే గిన్నె ఖాళీ. బ్రిన్ దుకాణానికి పరుగెత్తి ఇంకో రెండు పెట్టెలు తెచ్చింది. అవీ అయిపోయాయి. సైరన్ మోగింది, వీధి ఖాళీ అయింది. ఊళ్ళో దీపాలన్నీ ఆరాయి. ఎల్డన్ దీపం ఒక్కటే వెలుగుతోంది.

అతను ఖాళీ గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. ఎవరో మెట్లెక్కారు. బందిపోటు టోపీ, కంటికి నల్ల గుడ్డ, సెలూన్‌లో వాడే వెంట్రుకలతో అంటించుకున్న గడ్డం.

"చిన్నప్పుడు ఈ మెట్లదాకా వచ్చి, మూడు సార్లు వెనక్కి పారిపోయాను," అంది డార్లీన్ గడ్డం సర్దుకుంటూ. "ట్రిక్ ఆర్ ట్రీట్."

ఎల్డన్ గిన్నె వంచి చూపించాడు. "అంతా అయిపోయింది, డార్లీన్. నీకివ్వడానికి ఏమీ మిగల్లేదు."

"కాఫీ అయినా లేదా ఇంట్లో?"

ఎల్డన్ లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె లోపలికి వచ్చింది. బయట మెట్టు మీద దీపం ఆరిపోయింది.