గాల్లో ట్రయల్

దసరానాడు మిల్లు యజమాని తన చిన్న విమానానికి కూడా ఆయుధపూజ చేయించాడు. మర్నాటినుంచి దాని బ్యాటరీకి చార్జి ఎక్కడం మానేసింది. పైలట్ జయరామయ్య, వాకాడులో లారీ డైనమోలు బాగుచేసే మెకానిక్ చోటే సాహెబ్‌ను పిలిపించాడు.

మూత తీయగానే సాహెబ్‌కు సంగతి అర్థమైంది. ఎవరో మహాభక్తుడు డైనమో వైరు విప్పి మరీ, కరెంటు పారకుండా దాని కొసకు పసుపు మెత్తి బిగించాడు. పైలట్ అటు తిరగ్గానే సాహెబ్ ఆ పసుపంతా గీకేసి, వైరు బిగించి, మొహం దిగులుగా పెట్టాడు.

"ఈ జబ్బు నేలమీద తేలదు సార్. పైకి పోయి చూడాల్సిందే."

పైకి లేవగానే చార్జి ముల్లు నిక్షేపంగా కదిలింది. అయినా సాహెబ్ "ఇంకొక్క చుట్టు సార్" అంటూ ఊరిమీద మూడుసార్లు తిప్పించాడు. మిద్దెమీద మిరపకాయలు ఎండబోస్తున్న భార్య నాగూర్‌బీకి చెయ్యి ఊపాడు.

ఇంటికి రాగానే ఆకాశంలో విమానం జబ్బు కనిపెట్టిన వైనం వర్ణించబోయాడు. లారీ బాగుచేసిన ప్రతిసారీ ట్రయలని చెప్పి నెల్లూరు పోయి సినిమా చూసొచ్చే మొగుడితో పదేళ్ళు కాపురం చేసిన మనిషి నాగూర్‌బీ.

"కిందనే బిగించేసుంటావులే. రేపు పోయి ఆ వైరు మళ్ళీ వదులుచేసిరా. మన మిద్దె పైనుంచి ఎట్లుంటాదో నేనుగూడా చూడాల" అంది.