రెండో పూత

మొదట నీళ్ళు ఏటి వైపు నుంచి రాలేదు. మగ్గం గుంటలోంచి వచ్చాయి.

తెల్లవారగానే వనజ మగ్గం ముందు కూర్చుని కాళ్ళు గుంటలోకి దించింది. దించినంత వేగంగా పైకి తీసుకుంది. పాదాలకు చల్లటి బురద అంటింది. కాలితో తొక్కే చెక్కల కింద నీళ్ళు ఊరుతున్నాయి. చెలమలో ఊరినట్టు, చడీచప్పుడూ లేకుండా.

"ఏమయ్యా, జర ఇటు రా. గుంటల నీళ్ళొస్తున్నయి."

తిరుపతయ్య వచ్చి వంగి చూశాడు. ఆ గుంట అతని తాత తవ్వింది. మూడు తరాల కాళ్ళు ఆడిన గుంట. ఎంత వానకూ తడవనిది. గుంటలోని చీమలు గుడ్లు నోట కరుచుకుని మగ్గం స్తంభం మీదికి బారు కట్టాయి. వాటికి ఎవరూ డప్పు కొట్టి చెప్పలేదు.

మనుషులకు మాత్రం చెప్పారు. దసరా పోయిన మూడో రోజు, అంటే నిన్న, పుట్టిగడ్డ ఊళ్ళో అధికారులు డప్పు వేయించారు. పైన వానలు పడుతున్నాయి, కృష్ణకు నీళ్ళు వదులుతున్నారు, జాగ్రత్తగా ఉండండి అని. జాగ్రత్త అంటే ఏం చేయాలో చెప్పలేదు. లారీ పంపిస్తామన్నారు. రాలేదు. ఊళ్ళో ఉన్న ఒక్క ట్రాక్టరు పటేలుది. అది వేరుశనగ బస్తాలు వేసుకుని నిన్ననే బీచుపల్లి వైపు పెద్దరోడ్డెక్కింది. బస్తాల మీద చోటు దొరికినవాళ్ళు ఎక్కారు, దొరకనివాళ్ళు చంకన పిల్లల్నీ నెత్తిన మూటల్నీ పెట్టుకుని నడిచారు. నలభై ఇళ్ళు ఒక్క పూటలో ఖాళీ అయ్యాయి. రేపు ఎవరైనా అడిగితే తప్పంతా ఏటిది అంటారు. ఏరు సంతకాలు పెట్టదు కదా, దాని మీద ఏమైనా రాయొచ్చు.

తిరుపతయ్య నడిచి పోలేడు. తల్లి ఈదమ్మకు ఎండాకాలంలో తుంటి విరిగింది. పెద్ద దవాఖానకు ఎత్తుకుపోయే తాహతు లేక పసరుకట్టు కట్టించారు. అప్పటి నుంచి మంచమే ఆమె ఊరు. పెద్దరోడ్డు మూడు మైళ్ళు. మంచంతో మోయాలంటే నలుగురు కావాలి. మోయగలిగినవాళ్ళు మిగిలింది ముగ్గురే. తను, వనజ, పక్కింటి కురుమూర్తి. కురుమూర్తి చేపలు పట్టేవాడు. నీళ్ళంటే భయం లేదు కాబట్టి ఆఖరున పోదామని ఆగాడు.

నిన్నంతా లారీ వస్తుందని చూశారు. ఇక మిగిలిన ఆశ కారు.

అది పాత డీజిల్ అంబాసిడర్. మగ్గం మీద కడుపు నిండక తిరుపతయ్య నాలుగేళ్ళ కింద వనపర్తిలో కొన్నాడు. అప్పటికే ముగ్గురి చేతులు మారింది. గద్వాల, ఆత్మకూరు, బీచుపల్లి దేవుని దగ్గరికి కిరాయిలు తిప్పేవాడు. మూడేళ్ళు బాగానే నడిచింది. ఏడాదిగా మాత్రం పొద్దున లేవనంటుంది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరగదు. లోపల ఎక్కడో "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ మార్చాడు. ఆ బ్యాటరీకి పెండ్లాం మెడలో బంగారు గుండ్లు పోయాయి. బ్యాటరీ మొనలకు వేడినీళ్ళు పోసి తెల్లబూజు కడిగాడు. సెల్ఫ్ మోటారు విప్పి లోపలి కార్బన్ బొగ్గులు మార్చాడు. అయినా టక్. ఆత్మకూరులో బండ్లు బాగుచేసే మేస్త్రీ శ్రీశైలం, బండి కింద దూరకుండానే, నోట్లో బీడీ తీయకుండానే చెప్పాడు: "సెల్ఫే పోయిందే. కొత్తది ఎయ్యి. లేకుంటే ఉతార్ల పెట్టుకో."

కొత్తదానికి దిక్కు లేదు. ఉతారు, అంటే దిగుడు, ఊరికే దొరుకుతుంది. పుట్టిగడ్డలో ఇళ్ళ సందు మీది నుంచి ఏటి రేవు దాకా ఒకటే దిగుడు. తిరుపతయ్య రోజూ కారు మూతిని ఏటి వైపు పెట్టి ఆపేవాడు. ముందు చక్రానికి రాయి అడ్డం. పొద్దున కురుమూర్తి రాయి తీసేవాడు. కారు దొర్లేది. సగం దిగుడులో రెండో గేరు వేసి క్లచ్చు వదిలితే ఇంజను దగ్గి దగ్గి అందుకునేది. రేవు దగ్గర తిప్పుకుని పైకొచ్చేవాడు. ఏడాది గడిచింది. ఉన్నవాడి బండికి రోగమొస్తే మందు పడుతుంది. లేనివాడు బండి రోగానికే అలవాటు పడతాడు. ఆ అలవాటు ఏ రోజు పీక పట్టుకుంటుందో వాడికి తెలియదు.

ఆ పొద్దు దిగుడు సగానికి ఏరు వచ్చి కూర్చుంది.

మట్టిరంగు నీళ్ళు. అల లేదు, హోరు లేదు. రేవు మెట్లు లేవు. రేవు దగ్గరి తుమ్మచెట్టుకు కొమ్మలు మాత్రమే ఉన్నాయి. ఆ కొమ్మలకు చుట్టుకుని పాములు.

దుప్పటిలో వేసి ఈదమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు. ఆమె మూలిగింది గాని నోరు ఊరుకోలేదు.

"ఈ డబ్బను కొన్ననాడే చెప్పిన. మగ్గం ఎన్నడన్న నెట్టమని అడిగిందార?"

"అవ్వా, జర సేపు మూసుకో."

"మూసుకుంట. ఏరొచ్చినంక ఎట్లైన మూసుకునుడే గద."

తాళం తిప్పాడు. టక్. దిగి, పానాతో సెల్ఫ్ మీద రెండు తట్టాడు. మళ్ళీ తిప్పాడు. టక్.

"అన్నా, దొర్లిద్దామా?" కురుమూర్తి రాయి దగ్గర కూర్చుని అడిగాడు. రోజూ అడిగే మాటే. ఆ రోజు మాత్రం మొహం పైకెత్తకుండా అడిగాడు.

"తియ్యి."

రాయి తీశాడు. కారు కదిలింది. రోజూ దొర్లే దారే, రోజూ వినే టైర్ల చప్పుడే. కానీ అద్దంలో ఎదురుగా నేల లేదు. మట్టిరంగు పెద్దదవుతూ వస్తోంది. రెండో గేరు వేశాడు, క్లచ్చు వదిలాడు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది. ఇంకో నాలుగు బారలు వదిలితే అందుకునేదే. వదల్లేదు. నీళ్ళను చూసి కాలు తనంత తానే బ్రేకు మీదికి పోయింది. బురదలో జారి, జారి, కారు ఆగింది. కురుమూర్తి రాయి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చి చక్రానికి అడ్డం వేశాడు.

ముందు చక్రాలకూ నీళ్ళకూ మధ్య అయిదు బారలు.

ముగ్గురూ ముందు నుంచి పైకి నెట్టారు. వనజ కాళ్ళు బురదలో మోకాళ్ళ దాకా దిగబడ్డాయి. కారు జానెడు కూడా కదల్లేదు. నెట్టి నెట్టి వెనక్కి తిరిగేసరికి అయిదు బారలు నాలుగయ్యాయి.

"ఇప్పుడు ఎట్లనయ్యా?" వనజ అడిగింది. అందులో ఏడుపు లేదు. తిరుపతయ్య పానా అందుకున్నాడు.

"నువ్వు కూసొని తాళం తిప్పు. నేను లోపల చూస్త."

బానెట్ ఎత్తాడు. లోపలంతా వెండిలా మెరుస్తోంది. సాలెవాళ్ళ ఇళ్ళలో దసరాకు మగ్గం విప్పి, కడిగి, ప్రతి చెక్కకూ పసుపు రాసి మళ్ళీ బిగిస్తారు. అన్నం పెట్టే సామానుకు చేసే మర్యాద అది. కారు కూడా అన్నం పెట్టేదే అని తిరుపతయ్య దానికీ అట్లాగే చేశాడు. పైపైన బొట్టు పెట్టి నిమ్మకాయ తొక్కించే డ్రైవరు కాడు అతను. నిరుడు దసరాకు ఇంజను చుట్టూ ఉన్న ప్రతి బోల్టూ విప్పి, తుప్పు గీకి, సందుసందుకూ వెండిరంగు పూసి మళ్ళీ బిగించాడు. మొన్న దసరాకు మళ్ళీ విప్పి ఇంకో పూత వేశాడు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

"తిప్పు!"

టక్. ఎక్కడో సన్నగా కాలిన వాసన వచ్చింది. చెయ్యి వెదుక్కుంటూ పోయి, ఇంజను నుంచి బాడీకి వచ్చే అల్లిక పట్టీ మీద పడింది. కరెంటు బ్యాటరీకి తిరిగి పోవాలంటే ఈ పట్టీ దారే. పట్టీ చల్లగా ఉంది. దాన్ని బాడీకి బిగించిన బోల్టు మాత్రం చురుక్కుమని కాలింది. వేళ్ళు వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ పెట్టాడు. అవును, అక్కడే కాలుతోంది, అతుకు దగ్గర.

అతుకు.

పన్నెండేళ్ళ వయసులో పాత పడుగుకు కొత్త పోగులు అతుకుతుంటే నాయిన అతని చేతి మీద కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది. తలకు రాసుకున్న నూనె వేళ్ళకుంది. "నూనె చేత్తో అతికితే నిలుస్తదార? బూడిద రుద్దుకో! పోగుకు పోగు తగలాలె, నడిమిట్ల ఇంకోటి ఉండొద్దు."

నడుమ ఇంకోటి ఉంది. రంగు. పట్టీ విప్పి, దాని కింద పూసి, మళ్ళీ బిగించింది తనే. పూజ కోసం. ఏడాది పాటు వనజ మెడ బోసిగా ఉన్నది ఒక పూత రంగుకు. మొన్న వేసిన రెండో పూతకు ఇప్పుడు తల్లి వెనక సీట్లో పడుకుని ఏరును చూస్తోంది.

పానా వేసి బోల్టు విప్పాడు. "గీకనీకి ఏమన్న ఉన్నదా? తొందరగా!"

వనజ చుట్టూ చూసింది. కురుమూర్తి చేపల కత్తి కోసం మొలతాడు తడుముకున్నాడు, లేదు. వెనక సీట్లోంచి ఈదమ్మ చెయ్యి బయటికి వచ్చింది. చేతిలో అడకత్తెర.

"ఇంద. నా పోకల అడకొత్తు మొండిది చేస్తివో, ఊకోను."

అడకత్తెర అంచుతో గీకాడు. మొన్నటి పూత లేచింది. దాని కింద నిరుటి పూత. వేళ్ళు తెగి రక్తం వచ్చింది, చొక్కాతో తుడిచి గీకాడు. అడుగున నాణెమంత ఇనుము తెల్లగా బయటపడింది. పట్టీ వెనక కూడా గీకాడు. బిగించాడు. నీళ్ళు కురుమూర్తి అడ్డం వేసిన రాయిని తాకాయి.

"తిప్పు!"

సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఏడాదిగా వినని చప్పుడు. ఇంజను నల్లటి పొగ కక్కి అందుకుంది.

వనజను పక్క సీట్లోకి జరగమని తిరుపతయ్య స్టీరింగు పట్టాడు. రివర్సు గేరు. కారు మూతి ఏటి వైపే ఉంచి వెనక్కి వెనక్కి ఎక్కింది. బురదలో జారినప్పుడల్లా కురుమూర్తి రాయిని ముందు చక్రం కిందికి తోశాడు. కారు రెండడుగులు ఎక్కడం, రాయి రెండడుగులు రావడం. అట్లా దిగుడు మీదికి చేరారు.

"ఎక్కు తమ్మీ."

"మాసయ్య తాత ఇంట్లనే ఉన్నడన్నా. రానని మొండికేసి పండిండు. గుంజుకొస్త. నువ్వు అవ్వను దించి రా. గిదే జాగల ఉంటం."

"వస్త. ఏడికి పోకు."

"ఏడికి పోత? చుట్టూ ఏరేనాయె," అని నవ్వి, తడి రాయిని గోడ వారన పెట్టి, సందులోకి తిరిగాడు కురుమూర్తి.

పెద్దరోడ్డు మీద జనం, పశువులు, మూటలు. ఈదమ్మను ఎవరిదో ఎడ్లబండి కింద నీడకు చేర్చి, వనజను తోడుంచి తిరుపతయ్య కారు తిప్పాడు. ఇంజను ఆపలేదు. అంతలోనే ఊరి దారి మొదట్లో తాడు కట్టేశారు. తాడు పట్టుకున్న మనిషి మెడలో ఏదో సర్కారు కార్డు వేలాడుతోంది.

"లోపలికి పోరాదు. ఆర్డరు."

"ఇద్దరు మనుషులున్నరు సారూ."

"ఊరు ఖాళీ అయిందని రిపోర్టు పోయింది."

"రిపోర్టు రాసినాయన వచ్చి చూసిండా? నిన్న లారీ తోలుతమని చెప్పింది ఎవరు? అది రానీకి ఆర్డరు లేదు గాని, నేను పోకుండనీకి ఉన్నదా?"

మాటకు మాట పెరిగింది. పై ఆఫీసరు పెద్దాయన వచ్చేదాకా ఆగమన్నారు. ఆగాడు. పెద్దాయన రాలేదు. ఎండ నెత్తిమీదికొచ్చింది. చివరికి ఈదమ్మ బండి కింద నుంచి అరిచింది. "ఓ కొడకా, ఇంకా నిలబడ్డవేందిర? ఆ తాడును తెంపనీకి కూడా అడకొత్తు కావాల్నా?"

తిరుపతయ్య గేరు వేశాడు. తాడు తెగింది.

ఊరి దాకా దారి బాగానే ఉంది. ఊరే లేదు. పొద్దున కారు పైకెక్కి నిలిచిన చోట, దిగుడు మీది అంచున, నీళ్ళు ఉన్నాయి. గోడ వారన పెట్టిన రాయి కనిపించలేదు. గోడా లేదు. మాసయ్య ఇంటి గుంజకు కట్టిన పుట్టి, ఏరు దాటే గుండ్రటి పడవ, అట్లాగే తాడుకు తేలుతూ తిరుగుతోంది. దాన్ని ఎవరూ విప్పలేదు.

హారన్ కొట్టాడు. ఆగి, మళ్ళీ కొట్టాడు. "కురుమూర్తీ!" అని గొంతు చించుకున్నాడు. ఇంజను చప్పుడులో తన గొంతే తనకు సరిగా వినబడలేదు. జవాబు వచ్చినా వినబడదు.

తాళం తిప్పి ఇంజను ఆపాడు. ఏడాదిలో మొదటిసారి, ముందు దిగుడు లేకుండా, చక్రానికి రాయి లేకుండా, తోసే మనిషి లేకుండా.

విన్నాడు. ఎక్కడో ఒక మట్టిగోడ నీళ్ళలోకి కూర్చున్న చప్పుడు. కొంచెం సేపటికి ఇంకోటి. ఆ రెంటి మధ్య ఏమీ లేదు. చాలాసేపు విన్నాడు. నీళ్ళు ముందు చక్రాల దాకా వచ్చాయి.

తాళం తిప్పాడు. ఒక్క దెబ్బకు స్టార్టయింది.