స్టోర్‌రూంలో ఆగిపోయిన రాత్రి

పాపకూర అనే ఊళ్లో లింగయ్య డెయిరీ పొద్దున్నే తెరుచుకునేది. డెయిరీ అంటే పాడి పశువులుండే చోటు కాదు. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఆ దేశంలో వీధి మలుపున ఉండే చిన్న కిరాణా దుకాణాన్ని అలాగే అంటారు. లింగయ్య భార్య సత్యమ్మ షట్టరెత్తి, బ్రెడ్డు ట్రేలు లోపలికి లాగి, కౌంటరు తుడిచేది. లింగయ్య పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఎవరన్నా పలకరిస్తే తలూపేవాడు. వెనక స్టోర్‌రూంలోంచి ఏదైనా తేవాలంటే మాత్రం ఇద్దరిలో ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని వెళ్లేవారు. అక్కడ ఎప్పుడూ రాత్రే.

అది దొంగలు పడ్డ నాటి రాత్రి. ముసుగులేసుకున్న వాళ్లు కారుతో వెనక గోడను గుద్ది లోపలికొచ్చారు. ఆ చప్పుడుకి ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన లింగయ్య మీదికి ఒకడు సుత్తి ఎత్తాడు. కొట్టలేదు. దొరికిన సిగరెట్లు సంచుల్లో కుక్కుకుని పోయారు. పోలీసులు వెళ్లగానే, ఇంకా తెల్లవారకముందే, పనివాళ్లొచ్చి గోడకు పడ్డ కంతకి చెక్కలు బిగించేశారు. లోపలికొచ్చిన రాత్రి లోపలే ఉండిపోయింది. ఇన్సూరెన్సు ఆయన వచ్చి, పైకప్పు ఉండాల్సిన చోట మెరుస్తున్న చుక్కల్ని చూసి, గోడకైతే డబ్బులొస్తాయి గానీ రాత్రికి రావని చెప్పి వెళ్లాడు. బ్రెడ్డు తెచ్చే మనిషి తన టార్చి తనే తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

లింగయ్యకి ఆ నాటి నుంచి ఏదీ పట్టడం లేదు. కూరలో ఉప్పు లేకపోయినా తినేవాడు. రోటోటూనాలో ఉండే కూతురు శ్రీజ ఫోన్లో ఏడిస్తే చివరిదాకా విని, సరే బిడ్డా అని పెట్టేసేవాడు. దుకాణం అమ్మేసి తన దగ్గరికి వచ్చేయమని ఆమె గోల. ఏమంటావని సత్యమ్మ ఎన్నిసార్లడిగినా లింగయ్య ఊ అనలేదు, ఊహూ అనలేదు. కొనడానికొచ్చినాయన చూసి చూసి వేరే దుకాణం తీసుకున్నాడు.

మధ్యాహ్నాలు లింగయ్య స్టోర్‌రూంలో పాలక్రేటు బోర్లించుకుని, మెడ పైకెత్తి కూర్చునేవాడు. నూడుల్స్ అట్టపెట్టెల పైన గొల్లకావడి చుక్కల గుంపు తలకిందులుగా వేలాడేది. ఆ దేశంలో అది అలాగే కనిపిస్తుంది.

"ఎట్లాగూ సూసుడే పనైతే ఫోటోలన్న తియ్యి," అంది సత్యమ్మ ఒకనాడు.

పక్క వీధిలో ఉండే కృపాదానానికి చుక్కల ఫోటోల పిచ్చి. వృద్ధాశ్రమంలో నర్సు పని, డ్యూటీ దిగి పాలకోసం వచ్చేవాడు. సత్యమ్మ అతన్ని నిలబెట్టి, ఏ కెమెరా కొనాలో అడిగింది. తక్కువలో అయిపోవాలంటే కొత్త కెమెరా జోలికి వెళ్లొద్దన్నాడతను. ఎవరో వాడి వదిలేసిన పాతది చాలు, చీకట్లో పనికొచ్చేది లెన్సు, దాని కన్ను ఎంత పెద్దగా తెరుచుకుంటే అంత మంచిదన్నాడు. అసలు ఖర్చంతా స్టాండుదే. భూమి తిరుగుతుంటే చుక్కలు జరిగిపోతుంటాయి, వాటి వెంట కెమెరాని మెల్లగా తిప్పే స్టాండు లేకపోతే చుక్క కాస్తా గీతవుతుంది. అంత పెట్టలేమంది సత్యమ్మ. కృపాదానం స్టోర్‌రూంలోకి వెళ్లి చాలాసేపటికి బయటికొచ్చాడు.

"మీకా స్టాండు అక్కర్లేదు అంకుల్. మీ చుక్కలు కదలట్లేదు. మామూలు మూడుకాళ్లది సరిపోద్ది."

సెలవు రోజున లింగయ్యని రైలెక్కించి న్యూ లిన్ తీసుకెళ్లాడు. అక్కడ ఒకావిడ రెండు కెమెరాలు అమ్ముతోంది. ఒకటి తేలికైనది, కొత్తగా మెరుస్తోంది. రెండోది బరువుది, పట్టుకునే చోట రబ్బరు అరిగింది గానీ లెన్సు పెద్దది. కృపాదానం ఒకడుగు వెనక్కి వేసి లింగయ్యకి చోటిచ్చాడు. ఆవిడా ఆగింది. లింగయ్య రెండింటినీ చేతుల్లోకి తీసుకుని చూశాడు.

"ఇది," అన్నాడు, అరిగినదాన్ని ముందుకు జరుపుతూ.

అప్పటినుంచి మధ్యాహ్నాలు అదే పని. బటన్ నొక్కి, కెమెరా కన్ను తెరిచి ఉంచి, క్రేటు మీద కూర్చునేవాడు. అలా తీసిన ఫోటోలన్నిటినీ కృపాదానం ల్యాప్‌టాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాడు. గొల్లకావడి పక్కన మసకగా ఉన్న మరక ఎర్రటి మబ్బులా విచ్చుకుంది. సత్యమ్మ దాన్ని ప్రింటు తీయించి కౌంటరు మీద పెట్టింది. వచ్చినవాళ్లు చూసి మెచ్చుకున్నారు. లింగయ్య దాన్ని కరెంటు బిల్లు చూసినట్టు చూశాడు.

కొన్నాళ్లకి ఫోటోల్లో చుక్కలు సాగడం మొదలైంది. లెన్సు తుడిచాడు, స్టాండు మరలు బిగించాడు. అయినా గీతలే. కృపాదానానికి చూపించాడు.

"స్టాండుకి కాలేమైనా తగిలిందా అంకుల్?"

"లేదు."

కృపాదానం ఫోటోల్ని వరసగా చూశాడు. "అయితే రాత్రే కదిలింది," అని, కావాలంటే తన తిరిగే స్టాండు పట్టుకెళ్లమన్నాడు.

మర్నాడు లింగయ్య క్రేటు మీద కూర్చునేసరికి గొల్లకావడి పడమటికి బాగా జారిపోయి ఉంది. తూర్పు వైపు, పప్పుల బస్తాల మీద, తెలుపు మొదలైంది. ఎక్కడో ఒక పిట్ట కూసింది. చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. వెలుతురు అరల మీదికి, చెక్కలు కొట్టిన గోడ మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి దిగింది. సుత్తి ఎత్తినవాడు నిలబడ్డ చోటు కనిపించింది. తన కాళ్లకి ఒక్క బారెడు దూరం కూడా లేదు.

లింగయ్య క్రేటు మీంచి జారి నేల మీద చతికిలబడ్డాడు. సత్తెమ్మా అని పిలిచిన ఆ గొంతు విని సత్యమ్మ బేరం వదిలేసి పరుగెత్తింది.

"నాకు భయమైతాంది," అన్నాడు. "వాడు సుత్తె ఎత్తిండు. సచ్చిపోత అనుకున్న."

సత్యమ్మ అతని పక్కనే సిమెంటు నేల మీద కూలబడి, రెండు చేతులతో తన తల పట్టుకుంది.

"నేను తలుపెనకనే ఉన్న. అంత సూసిన," అంది. "నాకు గూడ మస్తు భయమైంది. నువ్వు ఏమంటలేవని నేను గూడ అనలే."

ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. లింగయ్య భుజానున్న తువ్వాలుతో ముందు ఆమె ముఖం తుడిచాడు.

"నేనీడ ఉండలేను. బిడ్డ కాడికి పోదాం," అన్నాడు.

"పోదాం," అంది సత్యమ్మ.

కౌంటరు దగ్గర పాలసీసాతో నిలబడ్డ ముసలామె తెరిచి ఉన్న తలుపులోంచి వాళ్లని చూసింది. సీసాని ఫ్రిజ్‌లో తిరిగి పెట్టేసి, వీధి తలుపుకున్న బోర్డును 'మూసి ఉంది' అని రాసిన వైపుకి తిప్పి, చప్పుడు కాకుండా బయటికెళ్లింది.